పెంచలకోన దారిలో కలివికోడి కోసం

పొదలకూరు దాటి రాపూరు వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా నిమ్మతోటలే. పూత వాసన బస్సు కిటికీలోంచి గుప్పున కొడుతోంది. ఈ దారిలో జనం వెళ్లేది పెంచలకోన నరసింహస్వామి దర్శనానికి. నేనూ మా బావమరిదీ వెళ్లింది మాత్రం కలివికోడి అనే అరుదైన పిట్ట ఉండదగ్గ చోటు ఇటువైపు ఏమైనా మిగిలిందేమో చూడ్డానికి. పిట్టే కనపడుతుందన్న ఆశ నాకైతే లేదు. బావమరిది మాత్రం బైనాక్యులర్స్ మెడలోంచి తియ్యలేదు.

కలివికోడి అనగానే అందరూ కడప జిల్లా లంకమల అడవి పేరు చెబుతారు గానీ, ఆ కథలో మన నెల్లూరుకీ వాటా ఉంది. 1840ల్లో ఇక్కడ సివిల్ సర్జన్‌గా చేసిన జెర్డాన్ యానాదులను అడిగి అడవి సంగతులు తెలుసుకునేవాడు. 1848లో ఈ పిట్ట గురించి లోకానికి తెలిసింది ఆయన వల్లే. ఇంగ్లీషులో దానికి ఆయన పేరే ఉంది. అడవి చూపించినవాళ్ల పేరు పిట్టలకు పెట్టే ఆనవాయితీ లేదు కదా! 1900 తర్వాత అది ఎవరికీ కనపడకపోయేసరికి ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఆయన చేతికి రాత్రిపూట చిక్కింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చాడు. చిక్కిన పిట్ట మాత్రం బతకలేదు.

కోన ఇంకా కొంత దూరం ఉండగానే దిగి, మేకలు తోలుకెళ్తున్న ఒక తాత వెంట చిట్టడవిలోకి నడిచాం. ఎర్రమట్టి, గులకరాళ్లు, కలివి పొదలు, బలుసు, చండ్ర. పొదకీ పొదకీ మధ్య మేక దూరిపోయేంత సందు. కలివికోడికి కావలసింది సరిగ్గా ఇలాంటి నేలే. పొదలు కమ్ముకుపోతే అది పరుగెత్తలేదు, నరికేస్తే దాక్కోలేదు. మేకలు కొంత మేస్తేనే ఆ సందులు నిలుస్తాయి, మరీ ఎక్కువైతే పొదలే మిగలవు.

లంకమలలో పరిశోధకులు పొదల మధ్య మట్టిని మెత్తగా చేసి కాలి అచ్చుల కోసం చూసేవాళ్లు. కలివికోడికి మూడే వేళ్లు, వెనక వేలు ఉండదు. ఒక వాగు ఇసుకలో మూడు వేళ్ల అచ్చు కనపడగానే బావమరిది మోకాళ్ల మీద కూలబడ్డాడు. తాత వంగి చూసి, అచ్చు వెనక చిన్న చుక్కలా ఉన్న గుర్తును చేతికర్రతో చూపించాడు.

"కౌజు గదయ్యా ఇది. పొద్దున్నే తిరిగిపోయుండాది."

ప్రపంచం మొత్తం మీద కలివికోళ్లు 50కి తగ్గవు, 249కి మించవు అని ఒక అంచనా. అంత తక్కువ మిగిలాక వేటగాడు రానక్కర్లేదు. ఒక ఏడాది పుట్టిన పిల్లల్లో మగవే ఎక్కువైనా, ఎండాకాలంలో ఒక్క మంట లేచినా చాలు. అమెరికాలో హీత్ హెన్ అనే అడవికోడి చివరికి ఒక్క దీవిలోనే మిగిలింది. 1908లో రక్షణ కల్పిస్తే 50 లోపు ఉన్నవి 1916 నాటికి దాదాపు 2,000 అయ్యాయి. అదే ఏడాది మంటలు వచ్చాయి. తర్వాత గట్టి చలి, డేగలు, రోగాలు, ఆడపిట్టల కొరత. 1932లో ఆఖరిది కూడా పోయింది. రక్షణ ఉన్నా అన్నీ ఒకేచోట ఉండటమే కొంప ముంచింది. లంకమల గురించి నా టెన్షన్ కూడా అదే. తెలుగుగంగ కాలువ తవ్వకాల్లో అక్కడి ఆవాసం కొంత పోయింది కూడా. తర్వాత కాలువ దారి మార్చారు.

ఇదంతా విని తాత, "అడివి కడప దాకా ఉండాదిగా, అక్కణ్ణించి ఇటు రాదా?" అన్నాడు.

"మధ్యలో వెలిగొండలు ఉన్నాయి కదా తాతా. ఆ కొండల మీద చిక్కటి అడవి. దానికి కావలసింది కొండకింది పలచటి పొదలు. అవేమో తోటలైపోయాయి."

"నిమ్మకాయ బియ్యం తెస్తది, పిట్టేం తెస్తది?" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు. మా ఇంట్లో ఊరగాయ జాడీ కూడా ఈ తోటలదే మరి.

పొద్దు గూకాక దాదాపు ముప్పావు గంటకు కలివికోడి కూత మొదలవుతుంది, కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ టైమ్ దాకా ఉందామని బావమరిది పట్టు. తాత ఒప్పుకోలేదు.

"ఎలుగులు దిగే వేళ. ఇంక ఉండబాకండయ్యా, రాపూరు బస్సు గూడా పోద్ది."

బస్సు దొరికింది గానీ సీటు దొరకలేదు.