సుబారూకి ఈసీయూ ట్యూనింగ్: 650 అనుకుంటే 1,540 అయింది

మేముండేది టెక్సస్‌లోని ప్లేనోలో. నా 2017 సుబారూ డబ్ల్యూఆర్‌ఎక్స్ కారుకి ఈసీయూ ట్యూనింగ్, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి పవర్ పెంచడం, చేయించాలని మూడేళ్లుగా కోరిక. ట్యూనర్ చెప్పిన రేటు 650 డాలర్లు. పరికరంతో కలిపి 1,100 అవుతుందనుకుని దిగాను. అన్నీ అయ్యేసరికి 1,540 తేలింది. ఆ తేడా గురించి ముందే చెప్పినవాళ్లు నాకెవరూ దొరకలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు కాబ్ యాక్సెస్‌పోర్ట్ కొన్నాను, సెకండ్ హ్యాండ్‌లో 450. డ్యాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ పోర్టుకి తగిలిస్తే ఈసీయూలోకి కొత్త మ్యాప్ (ఆ సెట్టింగుల పట్టిక) ఎక్కిస్తుంది, నడుపుతున్నప్పుడు ఇంజన్ రీడింగుల్ని లాగ్స్‌గా రాసిపెడుతుంది. పాతది కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: అమ్మేవాడు తన బండి నుంచి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేశాడో లేదో చూసుకున్నాకే డబ్బివ్వండి. చేయకపోతే మన బండికి అది పనికిరాదు.

అందులోనే, పార్టులేవీ మార్చని బండికి సరిపోయే రెడీమేడ్ స్టేజ్ 1 మ్యాప్ ఉంటుంది. దాంతో సరిపెట్టుకోనా అని మా ఆఫీసులో మస్టాంగ్ నడిపే గుంటూరు అన్నని అడిగాను. "58,000 మైళ్లు తిరిగిన బండి తమ్ముడూ, లాగ్స్ చదవడం తెలిసినవాడి చేతిలో పెట్టు" అన్నాడు.

ఆల్ వీల్ డ్రైవ్ కదా, నాలుగు చక్రాలకీ రోలర్లున్న డైనో (బండిని ఉన్నచోటే పరిగెత్తించి పవర్ కొలిచే యంత్రం) కావాలి. మొదటి రోజు ట్యూనర్ రెండు పుల్స్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి తీసే పరుగులు) తీసి ఆపేశాడు. టర్బో ఎంత కష్టపడుతున్నా బూస్ట్ (అది ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) చేరాల్సిన చోటికి చేరడం లేదు. "ఎక్కడో లీకుంది, ఇలాంటి ఇంజన్‌కి నేను మ్యాప్ రాయను" అన్నాడు. డైనో సమయానికి 150 కట్టి వెనక్కొచ్చాను. ఆ పూట చాలా బాధేసింది కానీ, అతను చేసిందే సరైన పని. లీకుని కప్పిపుచ్చుతూ మ్యాప్ రాసుంటే ఆ భారమంతా టర్బో మీద పడేది.

గొట్టాల్లోకి పొగ పంపి లీకు కనిపెట్టే స్మోక్ టెస్టుకి 120. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీకి వెళ్లే గొట్టం దగ్గర పొగ బయటికొచ్చింది. కొత్త గొట్టం, క్లాంపులు 90. స్పార్క్ ప్లగ్గులు కూడా 60,000 మైళ్లకి మార్చాల్సినవే కాబట్టి ఆ పనీ అప్పుడే పెట్టుకున్నాను. నాలుగింటికి 80. సుబారూది సిలిండర్లు పడుకోబెట్టినట్టుండే బాక్సర్ ఇంజన్, అందులో ప్లగ్గులు పక్కలకి ఉంటాయి, బ్యాటరీ తీస్తే గానీ చెయ్యి దూరదు. ఒక శనివారం మొత్తం దానికే పోయింది.

రెండోసారి మూడు గంటలు పట్టింది. ఒక్కో పుల్ అయ్యాక నాక్ (ఇంధనం అదుపు తప్పి మండటం) ఉందేమో చూడటం, స్పార్క్ టైమింగ్ కొంచెం జరపడం, మళ్లీ పరిగెత్తించడం. కింది ఆర్‌పీఎంలో ఇంకాస్త టార్క్ ఇమ్మని అడిగితే ఒప్పుకోలేదు. నా బండిలాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ (ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) టర్బో ఇంజన్లలో తక్కువ వేగం మీద ఎక్కువ బూస్ట్ ఇస్తే ప్లగ్గు స్పార్క్ ఇవ్వకముందే ఇంధనం అంటుకోవచ్చు, అలా పిస్టన్లు పగిలిన ఇంజన్లున్నాయి. నేను 650 ఇచ్చింది ఈ 'వద్దు' కోసమే అనిపించింది.

కంపెనీ చెప్పే 268 హార్స్‌పవర్ క్రాంక్ (ఇంజన్ షాఫ్ట్) దగ్గరి లెక్క. చక్రాల దగ్గర నా బండి ముందు 221 చూపించింది, తర్వాత 258. ఈ మ్యాప్ 93 ఆక్టేన్ పెట్రోల్‌కి రాసింది. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకి బంకుల్లో మామూలుగా దొరికేది 91, దానికి తగ్గ మ్యాప్ వేరే రాయించుకోవాలి.

పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి మాత్రం వెళ్లలేదు. దాన్ని తీసేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం, పైగా ఆ పొగ మన పిల్లలే పీల్చాలి. టెక్సస్‌లో 2025 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ, మా కాలిన్ కౌంటీలో ఎమిషన్స్ పరీక్ష ఇంకా ఉంది. కొత్త మ్యాప్ ఎక్కిస్తే ఈసీయూలోని మానిటర్లు (ఎమిషన్స్ పార్టులు సరిగ్గా పనిచేస్తున్నాయా అని చూసుకునే తనిఖీలు) మొదటికొస్తాయి, వెంటనే పరీక్షకి వెళ్తే వెనక్కి పంపేస్తారు. నేను ఐదు రోజులు ఆఫీసుకి తిరిగాక అన్నీ రెడీ అయ్యాయి. ఆరో రోజు పాసైంది.