చూపిన చేయి

ధనుర్మాసం వస్తే తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది. గోదమ్మ, అంటే ఆండాళ్ తల్లి, తమిళంలో పాడిన ముప్పై పాశురాలు (పాటలు) అవి. మా ఇంట్లో అయిదింటికే దీపం వెలుగుతుంది. రోజుకో పాశురం, రోజుకో ప్రసాదం. ముప్పై రోజులూ ఒక్క పూట తప్పలేదని నలుగురిలో చెప్పుకోవడం నాకు మహా ఇష్టంగా ఉండేది. నిరుడు రెండో పాశురం దగ్గరే ఆ గొప్ప కాస్తా దిగిపోయింది.

"వైయత్తు వాళ్వీర్గాళ్" మనకు నోటికి వచ్చినదే. నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టం, పూలు ముడవం. (కట్టెపొంగలిలో నెయ్యి కారుతుండగా 'నెయ్యుణ్ణోమ్' చదివేస్తాం, ప్రసాదం కదా అని సర్దుకుంటాం.) ఆ తర్వాత 'తీక్కుఱళై శెన్ఱోదోమ్', చాడీలు మోయం అంటుంది గోదమ్మ. ఆ మాట చదివి లేచిన వాళ్లమే గుడి అరుగు మీద ఎవరి కోడలు ఏమన్నదో లెక్కలు తీస్తాం. సరే, అది వేరే గొడవ.

నాకు ప్రాణమైన పాదం ఆ తర్వాతది: "ఐయముమ్ పిచ్చైయుమ్ ఆన్దనైయుమ్ కైకాట్టి". ఐయం యోగ్యులకు ఆదరంతో సమర్పించేది, పిచ్చై అడిగిన వారికి పెట్టేది. ఆన్దనైయుమ్ అంటే చేతనైనంత. ఇంత అని తల్లి కొలత పెట్టలేదు, తీరిక దొరికినప్పుడు అని వెసులుబాటూ ఇవ్వలేదు. గుప్పెడే చేతనైతే గుప్పెడే. ఇక కైకాట్టి, అంటే చేయి చూపి. ఎంత పెట్టినా 'నేనేం పెట్టాను, ఊరికే చేయి చూపానంతే' అనుకోవాలని ఒక ఉపన్యాసంలో విన్నాను. అప్పటినుంచి ఆ పాదం వస్తే కళ్లు చెమర్చేవి.

ఆ రోజు మా అబ్బాయికి క్యారేజీ కట్టాలి, పొయ్యి మీద పొంగలి అడుగంటుతోంది, ఫోనులో పాశురం సాగుతోంది. వాకిట్లో "హరిలో రంగ హరి" అని వినిపించింది. హరిదాసుగారు నెత్తిన రాగి అక్షయపాత్రతో, చేతిలో చిరతలతో నిలబడ్డారు. ఆయన నోరు తెరిచి అడగరు, పాత్ర దించరు. నేను గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, రెండో చేయి ఎత్తి 'తర్వాత' అన్నట్టు ఊపాను. ఆయన మారుమాట లేకుండా పక్కింటికి నడిచారు. సరిగ్గా అప్పుడే ఫోను 'కైకాట్టి' అన్నది. నా చేయి ఇంకా గాలిలోనే ఉంది.

అమ్మల్లారా, పాశురం రెండు నిమిషాలు ఆగితే ఆండాళ్ తల్లి ఏమీ అనుకోదు. పనమ్మాయి చన్నీళ్లలో గిన్నెలు తోముతుంటే పక్క గదిలో కూర్చుని రాగం తీయకండి, లేచి కాసిని వేన్నీళ్లు పోయండి. కొరియర్ కుర్రాడు నాలుగంతస్తులు ఎక్కి వస్తే మంచినీళ్లు కావాలా అని అడగండి. అడగడానికి ముహూర్తం చూడనక్కరలేదు.

మర్నాడు గుమ్మం పక్కన గిన్నెడు బియ్యం పెట్టి ఉంచాను. ఆయన రాలేదు. మూడో రోజు వచ్చారు. మా మనవరాలికి చేయి అందలేదు. ఆయన ఒక మోకాలు ముగ్గు పక్కన ఆనించి, పాత్ర ఒలకకుండా మెల్లగా వంగారు. అది పిడికిలి విప్పింది. సగం బియ్యం పాత్రలో పడ్డాయి, సగం ఆయన భుజం మీద. ఆయన దులుపుకోలేదు.

ఆ రోజు పాశురం చదివేసరికి ఎనిమిదయింది.