మునిగిన చేను పెరుగుతున్నట్టేనా?

కోనసీమ చర్చిల్లో బైబిలులోని మొదటి కీర్తన వినిపించని ఆదివారాలు తక్కువ. "నీటికాలువల యోరను నాటబడినదై ఆకు వాడక తన కాలమందు ఫలమిచ్చు చెట్టు" అన్న మాటకు మనకు వేరే వివరణ అక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఈ నేల బతుకంతా ఆ వచనంలాగే సాగింది. పాస్టర్లు ఇష్టంగా చెబుతారు, మనం ఇష్టంగా వింటాం. కానీ డెల్టాలో నీళ్లంటే కాలువ ఒక్కటే కాదు. వరదా నీళ్లే. దాని గురించిన వచనాలు మన పల్పిట్ల మీద అంతగా వినిపించవని నాకనిపిస్తుంది.

మార్కు 4లో యేసు చెప్పిన రైతు విత్తనం చల్లి నిద్రపోతాడు, లేస్తాడు. అతనికి తెలియని రీతిగా అది పెరుగుతుంది. "మొదట మొలకను తరువాత వెన్నును అటుతరువాత వెన్నులో ముదురు గింజలను" భూమే పుట్టిస్తుంది. గలిలయలో అది వాన మీద ఆధారపడిన గోధుమో యవలో. మన సార్వా రైతుకూ ఈ వరుస తెలుసు: ఆకుమడి, ఊడ్పు, పిలకలు, పొట్ట, వెన్ను, పాలు పోసుకోవడం.

మరి ఊడ్పులు అయ్యీ అవ్వకముందే గోదావరి పొంగితే? 1986 ఆగస్టు పెద్దవాళ్లకు గుర్తే, 2022 జులై మనందరికీ గుర్తే. అప్పుడు గట్టు మీద నిలబడితే చేను కనిపించదు, నీళ్లే.

మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ మనందరికీ తెలిసిన వరి. దానికే ముంపు తట్టుకునే గుణం చేర్చి స్వర్ణ సబ్-1 తెచ్చారు. ఆ గుణం ఒడిశా నాటు వరిలోనిది. మామూలు వరి మునగగానే గాలి కోసం పైకి సాగుతుంది. సాగి సాగి దాచుకున్న సత్తువంతా అయిపోతుంది, నీరు తీశాక పడిపోతుంది. సబ్-1 మొక్క సాగడం ఆపేస్తుంది. ఉన్న సత్తువను పొదుపుగా వాడుకుంటూ రెండు వారాల దాకా నీటి కిందే బతికి, వరద తీశాక మళ్లీ చిగురిస్తుంది.

దీని గురించి తెలుసుకున్నప్పటి నుంచి యెషయా 30 నాకు మరోలా వినిపిస్తోంది. అష్షూరు దండెత్తుతుందన్న భయంతో యూదా రాజ్యం ఐగుప్తు (ఈజిప్టు) సాయానికి పరుగెడుతోంది. "మీరు ఊరకుండి నమ్ముకొనుటవలన మీకు బలము కలుగును" అని దేవుడంటే, కాదు, గుర్రాలెక్కి పారిపోతామన్నారు. భయంతో ఎటో ఒకటు సాగిపోవడమే అది. ఇంట్లో రోగమో అప్పో మరణమో వచ్చినప్పుడు మనం చేసేదీ చాలాసార్లు అదే.

ఊరకుండడమంటే నోరు మూసుకోవడమని మాత్రం ఎవరూ చెప్పకూడదు. 69వ కీర్తనకారుడు మెడదాకా మునిగి "నేను మొఱ్ఱపెట్టుటచేత అలసియున్నాను" అన్నాడు, అదీ ప్రార్థనే. డ్రెయిన్లలో పేరుకున్న గుర్రపుడెక్క తీయించమని అడగడం కూడా విశ్వాసానికి అడ్డు కాదు.

మునిగిన మొక్క బతికేది అంతకుముందు ఎండలో దాచుకున్నదానితోనే. "నా హృదయములో నీ వాక్యము ఉంచుకొని యున్నాను" అని 119వ కీర్తన. అంతా బాగున్న రోజుల్లో పొద్దున్నే చదువుకున్న రెండు వచనాలు, ఇంట్లో కలిసి పాడుకున్న పాట, ఇవే ఆ నిల్వ. కాలువ ఒడ్డు చెట్టు కూడా దివారాత్రము ధర్మశాస్త్రాన్ని ధ్యానించేవాడికే పోలిక కదా. కాబట్టి మొదటి కీర్తనా, మెడదాకా మునిగిన 69వ కీర్తనా ఒక్క మనిషి బతుకే, రెండు కాలాల్లో.

సంఘంలో ఈ మధ్య ప్రార్థనకు రానివాళ్లు, వచ్చినా వెనక కూర్చుని వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లను సాక్ష్యం చెప్పమని నిలబెట్టకండి, విశ్వాసం తగ్గిందా అని అడగకండి. ఇంటికెళ్లి కాసేపు కూర్చోండి. వాళ్లు అడిగితే యెషయా 43లోని రెండో వచనం చదివి వినిపించండి: "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును."