2012 బేస్‌బాల్ సీజన్: ఓటు నాకుంటే ట్రౌట్‌కే

మా అనంతపురంలో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఫాలో అయ్యేటోళ్లు తక్కువే, కానీ స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడిన పిల్లోళ్లు శానామంది ఉన్నారు, ఆ పిల్లోళ్లలో కొందరు పెద్దయినాక నెట్‌లో అమెరికా స్కోర్లు చూడడం అలవాటు చేసుకున్నారు, నేనూ ఆ బ్యాచే. మనకు పొద్దున్నే వస్తాయి మ్యాచులు, ఆఫీసుకు పోయేలోపు సగం అయిపోతాయి. మా ఫ్రెండ్సు నలుగురు సప్తగిరి సర్కిల్ కాడ కలిస్తే ఏ సీజన్ గురించి మొదలుపెట్టినా మాట తిరిగి తిరిగి 2012 కాడికే వస్తాది, ఎందుకంటే ఆ సంవత్సరం అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లో ఉండే రెండు లీగుల్లో ఒకటి, రెండోది నేషనల్ లీగ్) ఎంవీపీ, అంటే సీజన్‌లో అందరికంటే విలువైన ఆటగాడు అనే అవార్డు ఓటింగ్ మీద మాకు ఇంతవరకు రాజీ కుదరలేదు. మిగెల్ కబ్రేరాకు ఇచ్చినారు అవార్డు. మైక్ ట్రౌట్‌కు ఇయ్యాల్సింది అనేది నా మాట, ఆ పొద్దు అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటా, ఎందుకో మొత్తం రాస్తున్నా.

ముందు కబ్రేరా ఏం చేసినాడో చెప్పల్ల, అది చెప్పకుండా ట్రౌట్ గురించి మాట్లాడితే న్యాయం కాదు. డెట్రాయిట్ టైగర్స్ కు ఆడినాడు, 161 మ్యాచులు, .330 యావరేజ్, 44 హోమ్ రన్లు, 139 ఆర్బీఐలు. ఇక్కడ యావరేజ్ అంటే బ్యాటింగ్‌లో ఎన్నిసార్లకు ఎన్ని హిట్లు అనే లెక్క, హిట్ అంటే బాల్ కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరడం, హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాగా బాల్ గోడ దాటించడం. ఆర్బీఐ అంటే బ్యాటర్ కొట్టిన దెబ్బకు ఎంతమంది హోమ్ ప్లేట్ దాటి రన్ అయినారు అనే లెక్క. ఈ మూడిట్లోనూ లీగ్ మొత్తానికి ఫస్టు వస్తే దాన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు, అట్ల ముందు చేసింది 1967లో బోస్టన్ కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ, అంటే 45 ఏళ్లు ఎవురూ చేయలేకపోయినారు. చివరి రోజు అక్టోబర్ 3 దాకా సస్పెన్సే, హోమ్ రన్లలో జాష్ హామిల్టన్, కర్టిస్ గ్రాండర్సన్ ఇద్దరూ 43 కాడ ఆగినారు, యావరేజ్‌లో ట్రౌట్ .326 తో వెనకాలే ఉన్నాడు. ఆ పొద్దు కాన్సస్ సిటీలో నాలుగో ఇన్నింగ్స్‌లో కబ్రేరాను బయటికి పిలిచేస్తే అవతలి టీం జనాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తాది. ఇంకోటి, ఆ సీజన్ ముందు టైగర్స్ ప్రిన్స్ ఫీల్డర్‌ను 9 ఏళ్లకు 214 మిలియన్ డాలర్లు పెట్టి కొన్నారు, అతను ఆడేది ఫస్ట్ బేస్, కబ్రేరా ఆడేదీ అదే. అంత పెద్ద స్టార్ మారు మాట్లాడకుండా థర్డ్ బేస్‌కు జరిగినాడు, అది ఇంకా కష్టమైన జాగా. మంచి మనిషి చేసే పని అది.

మా ఫ్రెండ్ ఒకడు దీని కాడే ఆగిపోతాడు. "ఏమప్పా, మూడిట్లో ఫస్టు వచ్చినోనికి ప్రైజు ఇయ్యకుంటే ఇంగెవురికి ఇస్తారు?" అంటాడు. అడగాల్సిన ప్రశ్నే, కానీ చరిత్ర చూస్తే అట్లాంటి రూల్ ఏం లేదు. టెడ్ విలియమ్స్ 1942లో ఒకసారి, 1947లో ఇంకోసారి ట్రిపుల్ క్రౌన్ కొట్టినాడు, రెండుసార్లూ ఎంవీపీ రాలేదు, 1947లో అయితే జో డిమాజియోకు ఒకే ఒక్క పాయింట్ తేడాతో పోయింది.

ఇంగ ట్రౌట్. ఆ పిల్లోనికి సీజన్ మొదలయ్యేసరికి 20 ఏళ్లు, ఆగస్టులో 21 నిండినాయి. ఏప్రిల్ అంతా మైనర్ లీగ్‌లో ఉంచినారు, 28న లాస్ ఏంజిలిస్ ఏంజెల్స్ పైకి పిలిచినారు. అప్పటికి ఆ టీం 6 గెలిచి 14 ఓడింది. ఇతను వచ్చినాక 83 గెలిచి 59 ఓడినారు. ఈ ఒక్క లైన్ చాలు నాకు, అయినా మిగతాది కూడా చెప్తా. 139 మ్యాచులే ఆడినా 30 హోమ్ రన్లు, 49 స్టీల్స్, అంటే పిచ్చర్ (మన బౌలర్ లాంటోడు) బాల్ వేసేలోపు దొంగతనంగా తరువాతి బేస్‌కు పరిగెత్తడం, 54 సార్లు పరిగెత్తితే 5 సార్లు మాత్రమే దొరికినాడు. 129 రన్స్, అది రెండు లీగుల్లోనూ ఎక్కువ, నెల రోజులు లేకపోయినా. ఇంగ ఫీల్డింగ్, సెంటర్ ఫీల్డ్‌లో ఇతను పరిగెత్తేది చూస్తే మైదానం చిన్నదైపోయినట్టు ఉంటాది, జూన్ 27న బాల్టిమోర్‌లో జేజే హార్డీ కొట్టిన బాల్ గోడ దాటి పోతాంటే ఎగిరి గోడ అవతల నుంచి చెయ్యి పెట్టి తెచ్చినాడు. హోమ్ రన్ కాస్తా అవుట్ అయింది. ఆ సంవత్సరం గోల్డ్ గ్లవ్ అనే ఫీల్డింగ్ అవార్డు మాత్రం ఆడమ్ జోన్స్‌కు ఇచ్చినారు, దాని గురించి ఇంకో పోస్ట్ రాయాల్సినంత కోపం ఉంది నాకు.

ఓటింగ్ ఎట్లా జరుగుతాదంటే, బేస్‌బాల్ రైటర్స్ అసోసియేషన్ వాళ్లు వేస్తారు, లీగ్‌లో ఒక్కో టీం ఊరికి ఇద్దరు జర్నలిస్టులు, అప్పుడు అమెరికన్ లీగ్‌లో 14 టీములు కాబట్టి 28 ఓట్లు. ఒక్కొక్కరు పది పేర్లు వరసగా రాయల్ల, ఫస్టుకు 14 పాయింట్లు, రెండోదానికి 9, తరువాత 8, 7 అట్ల తగ్గుతా పదోదానికి 1. ప్లేఆఫ్స్ మొదలయ్యేలోపే ఓటు పంపేయల్ల, కాబట్టి టైగర్స్ ఆ తరువాత వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల ఫైనల్) దాకా పోయిన దానికీ దీనికీ సంబంధం లేదు. రిజల్ట్ కబ్రేరా 362, ట్రౌట్ 281, మూడోది ఆడ్రియన్ బెల్ట్రే 210. ఫస్ట్ ఓట్లు 22 కబ్రేరాకు, 6 ట్రౌట్‌కు.

ఒకసారి పేపర్ పెట్టుకుని కూర్చోండి. కబ్రేరాకు 22 ఫస్టులు అంటే 308, మిగిలిన 54 సరిగ్గా ఆరు సెకండ్ ఓట్లు, అంటే అతన్ని రెండు కంటే కింద ఎవురూ పెట్టలేదు. ట్రౌట్‌కు 6 ఫస్టులు అంటే 84, ఇంగ మిగిలేది 197, దాంట్లో 21 సెకండ్లు 189, ఇంకో 8 అంటే ఒక థర్డ్. ఒక మనిషి ఆ సీజన్ చూసి కూడా ట్రౌట్‌ను మూడో జాగాలో పెట్టినాడన్నమాట. దాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

కబ్రేరా వైపు చెప్పే పెద్ద పాయింట్ ఏందంటే అతని టీం ప్లేఆఫ్స్‌కు పోయింది, ట్రౌట్ టీం పోలేదు. ఇది వినడానికి బాగుంటాది గానీ టేబుల్ తీసి చూడండి, టైగర్స్ గెలిచినవి 88, ఏంజెల్స్ గెలిచినవి 89. అమెరికన్ లీగ్‌లో గెలుపుల లెక్కన టైగర్స్ ఏడోది, యాంకీస్, ఓక్లాండ్, బాల్టిమోర్, టెక్సస్, టాంపా, ఏంజెల్స్ అందరూ వాళ్లకంటే ఎక్కువ గెలిచినారు. లీగ్‌లో టీములను డివిజన్లుగా పంచినారు, డివిజన్‌లో ఫస్టు వస్తే ప్లేఆఫ్స్ ఖాయం, టైగర్స్ ఉండేది సెంట్రల్ డివిజన్‌లో, అక్కడ రెండోది వైట్ సాక్స్ 85 కాడ ఆగింది కాబట్టి వీళ్లు పైకొచ్చినారు, టాంపా 90 గెలిచి కూడా ఇంట్లో కూర్చుంది. ట్రౌట్ టెక్సస్, ఓక్లాండ్ ఉండే డివిజన్‌లో పుట్టిన పాపానికి ప్రైజు పోవల్లనా?

రెండోది ఆర్బీఐ. క్రికెట్‌లో రన్ ఎవురు కొడితే వాని ఖాతాలోకే పోతాది, ఇక్కడ అట్ల కాదు, హోమ్ రన్ కొడితే తప్ప, నువ్వు బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు బేస్ మీద మనుషులు ఉంటేనే ఆర్బీఐ వస్తాది, వాళ్లను అక్కడికి చేర్చింది ముందు ఆడినోళ్లు. కబ్రేరా మూడో నంబర్, ముందు ఆస్టిన్ జాక్సన్ లాంటోడు ఉన్నాడు. ట్రౌట్ మొట్టమొదట ఆడేటోడు, మ్యాచ్ మొదలయ్యేటప్పుడు బేస్ మీద ఎవురూ ఉండరు, అయినా 83 వచ్చినాయి. రెండు పనులు వేరు వేరు, ఒకరి పనికి మాత్రం కిరీటం అని పేరుంది. కబ్రేరా 28 సార్లు డబుల్ ప్లే కొట్టినాడు, అంటే ఒకే బాల్‌కు ఇద్దరు అవుట్, అది లీగ్‌లోనే ఎక్కువ, ట్రిపుల్ క్రౌన్ లెక్కలో అది ఎక్కడా కనపడదు. బ్యాటింగ్, పరుగు, ఫీల్డింగ్ అన్నీ కలిపి తీసే వార్ (WAR) అనే లెక్క ఉంది, దాంట్లో ట్రౌట్ 10 పైన, కబ్రేరా 7 కాడ. ఆ లెక్క పక్కన పెట్టినా పర్వాలేదు, ఓటరు చేతికి ఇచ్చే కాగితంలోనే రాసుంటాది, టీంకు ఆటగాని విలువ అంటే బ్యాటింగ్ బలం, డిఫెన్స్ బలం రెండూ చూడమని, ఎన్ని మ్యాచులు ఆడినాడో చూడమని, మనిషి గుణం కూడా చూడమని. 1931 నుంచి ఇవే మాటలు. మ్యాచుల సంఖ్యలో కబ్రేరాదే పైచేయి, గుణంలో థర్డ్ బేస్‌కు జరిగిన పుణ్యం ఉంది, కానీ డిఫెన్స్ అనే మాట ఆ 22 మంది ఎక్కడ చదివినారో నాకు తెలియదు.

సై యంగ్ అవార్డు అంటే పిచ్చర్లది, అమెరికన్ లీగ్‌లో దీని కథ ఇంకా దగ్గర. టాంపా డేవిడ్ ప్రైస్ 153, డెట్రాయిట్ జస్టిన్ వెర్లాండర్ 149. నాలుగు పాయింట్లు! ప్రైస్ 20 గెలిచి 5 ఓడినాడు (మ్యాచ్ ఫలితం పిచ్చర్ పేరున రాస్తారు), ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ తన లెక్కలో ఇచ్చే రన్లు, ఎంత తక్కువైతే అంత మంచిది, 2.56. వెర్లాండర్ 17 గెలిచి 8 ఓడినాడు, 2.64, కానీ 238 ఇన్నింగ్స్ పైన వేసి 239 మందిని స్ట్రైకౌట్ చేసినాడు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను అవుట్ చేయడం), రెండూ లీగ్‌లో ఎక్కువ, ప్రైస్ 211 ఇన్నింగ్సే. ఇక్కడ ఓటు ఐదు పేర్లకు, 7, 4, 3, 2, 1. ఫస్టులు ప్రైస్‌కు 14, వెర్లాండర్‌కు 13, ఆ మిగిలిన ఒక్కటి ప్రైస్ టీంలోనే ఉండే క్లోజర్ (మ్యాచ్ చివర్లో వచ్చి ముగించే పిచ్చర్) ఫెర్నాండో రాడ్నీకి పడింది, అతని ఈఆర్ఏ 0.60 లెండి, నమ్మశక్యం కాని సీజన్. ఇప్పుడు ప్రైస్ ఫస్టు, వెర్లాండర్ సెకండు అని రాసిన ఒక్క జర్నలిస్టు ఆ రెండు పేర్లు అటూ ఇటూ మార్చినాడనుకోండి, ప్రైస్‌కు మూడు తగ్గి 150, వెర్లాండర్‌కు మూడు పెరిగి 152, అవార్డు చేతులు మారిపోతాది. నా ఓటు వెర్లాండర్‌కే. గెలుపు ఓటమి లెక్క పిచ్చర్ చేతిలో సగమే ఉంటాది, తన బ్యాటర్లు కొట్టకపోతే అతనేం చేస్తాడు, 27 ఇన్నింగ్స్ ఎక్కువ మోసినోడు ఎక్కువ పని చేసినట్టు.

నేషనల్ లీగ్ సై యంగ్ మాత్రం నాకు ఆ సీజన్ మొత్తంలో ఎక్కువ సంతోషం ఇచ్చిన అవార్డు. మెట్స్ ఆర్.ఏ. డికీ. 1996లో టెక్సస్ రేంజర్స్ అతన్ని డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లను టీములు ఎంచుకునేది) ఫస్ట్ రౌండ్‌లో తీసుకుని 8,10,000 డాలర్లు ఇస్తామన్నారు, తరువాత ఎక్స్‌రేలు, స్కాన్లు చూస్తే కుడి మోచేతిలో ఉండాల్సిన లిగమెంట్ లేనే లేదు, పుట్టుకతోనో ఎట్లానో అది లేకుండానే బాల్ విసురుతున్నాడు. ఆఫర్ 75,000 కు కోసేసినారు. వేరేటోడైతే ఆడేది మానేసుండేటోడు. ఇతను ఏండ్ల తరబడి మైనర్ లీగుల్లో తిరిగి తిరిగి నకుల్‌బాల్ పట్టినాడు, తిరగకుండా వేసే బాల్ అది, గాలిలో ఎటు పోతాదో వేసినోనికే తెలియదు, పట్టుకునే క్యాచర్‌కు నరకం. 2012లో 20 గెలిచి 6 ఓడినాడు, ఈఆర్ఏ 2.73, 230 స్ట్రైకౌట్లు, జూన్‌లో వరసగా రెండు మ్యాచుల్లో ఒక్కొక్క హిట్ మాత్రమే ఇచ్చినాడు. ఆ మెట్స్ టీం మొత్తం గెలిచిందే 74, దాంట్లో 20 ఇతనివి. 32 ఫస్ట్ ఓట్లలో 27 వచ్చినాయి, నకుల్‌బాల్ వేసేటోనికి సై యంగ్ రావడం అదే మొదలు, అవార్డు అందుకునేసరికి వయసు 38. డాడ్జర్స్ క్లేటన్ కెర్షా ఈఆర్ఏ 2.53 అని ఎవరన్నా అంటే ఆ మాటలో నిజం ఉంది, వాదించను, కానీ ఇక్కడ ఓటర్లు చేసింది నాకు నచ్చింది.

నేషనల్ లీగ్ ఎంవీపీ మీద గొడవేం లేదు. శాన్ ఫ్రాన్సిస్కో క్యాచర్ బస్టర్ పోజీ, .336, 24 హోమ్ రన్లు, 103 ఆర్బీఐలు, 32లో 27 ఫస్టులు. అంతకుముందు ఏడాది మేలో హోమ్ ప్లేట్ కాడ ఢీకొని కాలి ఎముక విరిగి, చీలమండ లిగమెంట్లు తెగి సీజన్ పోయినోడు తిరిగొచ్చి ఇది చేసినాడు. అతని టీంలోనే మెల్కీ కబ్రేరా (ఇతను వేరే కబ్రేరా) .346 మీద ఉండి ఆగస్టు 15న డ్రగ్ టెస్టులో దొరికి 50 మ్యాచులు సస్పెండ్ అయినాడు, ఉన్న రూల్ ప్రకారం అప్పటికీ అతనికే బ్యాటింగ్ టైటిల్, అంటే యావరేజ్‌లో ఫస్టు అనే పేరు, వచ్చేటట్టుంది, తనే వద్దని అడిగితే రూల్ మార్చినారు, టైటిల్ పోజీకి పోయింది. మంచి పనే.

రూకీల, అంటే కొత్తగా వచ్చినోళ్ల అవార్డులో ట్రౌట్‌కు 28కి 28 ఫస్టులు, అదే 28 ఓట్ల లీగ్‌లో. నేషనల్ లీగ్‌లో 19 ఏళ్ల బ్రైస్ హార్పర్ 112 పాయింట్లతో గెలిచినాడు, రెండోది వేడ్ మైలీ 105.

ఇంగ అమెరికన్ లీగ్ ఎంవీపీకి నా వరస చెప్తా. ఒకటి ట్రౌట్. రెండు కబ్రేరా, దగ్గరలో ఇంకెవురూ లేరు. మూడు బెల్ట్రే, .321 తో 36 హోమ్ రన్లు, పైగా థర్డ్ బేస్‌లో గోల్డ్ గ్లవ్. నాలుగు వెర్లాండర్, పిచ్చర్‌కు ఎంవీపీ ఇయ్యగూడదనే మాట నేను ఒప్పుకోను, 2011లో అతనికే ఇచ్చినారు కదా. ఐదు యాంకీస్ రాబిన్సన్ కనో, .313, 33 హోమ్ రన్లు, సెకండ్ బేస్ ఆడతా అన్ని కొట్టడం తక్కువ పని కాదు. మా ఫ్రెండ్ ఐదో జాగాకు హామిల్టన్ అంటాడు, మే 8న బాల్టిమోర్‌లో ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్లు కొట్టినోడని, 43 హోమ్ రన్లు, 128 ఆర్బీఐలు ఉన్నాయని, కానీ జూన్, జూలై రెండు నెలలు అతని బ్యాట్ పడుకునింది, అందుకే నా కాగితంలో ఆరుకు పోయినాడు.