భీమిలి దారిలో కారు సౌండ్ సరిచేసిన ఆదివారం

ఆరు నెలల కిందట కారుకి కొత్త యాంప్లిఫయరు, డిక్కీలో బాస్ కోసం 10 అంగుళాల సబ్‌వూఫరు, డోర్లకి స్పీకర్లు, అద్దాల మూల దగ్గర సన్నని శబ్దాలు పలికే ట్వీటర్లు వేయించాను, డబ్బులు బాగానే అయ్యాయి, కానీ పాట పెడితే గాయకుడు కుండలో తల పెట్టి పాడుతున్నట్టు ఉండేది. షాపతను ఈక్వలైజర్‌లో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించేది) బాస్, ట్రెబుల్ రెండూ పైకి తోసేసి ఇప్పుడు వినండి సార్ అన్నాడు, ఆ రోజు బాగానే ఉందనిపించింది, వారం తిరక్కుండా తలనొప్పి పట్టుకుంది. నాన్న విజయనగరం మనిషి, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ అంటే ప్రాణం. నాయుడుగారు 1919లో అక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పడానికి చేరి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారని ఎవరు దొరికితే వాళ్ళకి చెప్తారు. ఆ పాత రికార్డింగు నా కారులో పెడితే రెండు నిమిషాలు విని "ఇది వయొలిన్ కాదురా, రేకు గీకుతున్నట్టుంది, ఆపీ" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుపోయింది.

నాన్న శనివారం బస్సులో భీమిలి అత్తయ్య ఇంటికి వెళ్ళారు, ఆదివారం నేను వెళ్ళి తీసుకురావాలి. దారిలోనే ట్యూనింగ్ చేసేద్దామని గాజువాక నుంచి తెల్లారకముందే బయల్దేరాను, తోడు బావ. బావ స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాడు, కొలవకుండా ఏదీ నమ్మడు. చేతిలో ల్యాప్‌టాప్, యూఎస్‌బీ మైకు, టైలరు టేపు. ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటి ఎండాడ దగ్గర కుడికి తిరిగేసరికి ఇంకా మసకగానే ఉంది.

రుషికొండ పార్కింగ్‌లో ఆపి పింక్ నాయిస్ పెట్టాం. అంటే ప్రతి ఆక్టేవ్‌లో (ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే ఒక్కో మెట్టులో) సమానమైన శక్తి ఉండే హోరు, అది వాయిస్తే ఏ ఫ్రీక్వెన్సీ ఎక్కువైందో ఏది తగ్గిందో తెర మీద గీతలా కనిపిస్తుంది. మాకు కింద బాస్ వైపు పెద్ద మూపురం వచ్చింది, నేను ఈక్వలైజర్‌లో తగ్గిస్తూనే ఉన్నా దిగదు. బావ చెయ్యి చాపి మొత్తం ఆపేశాడు. గీత కింద వైపు అలాగే ఉంది! "ఏట్రా ఇది, నువ్వు సముద్రాన్ని ట్యూన్ చేస్తన్నావు" అన్నాడు. నిజమే, కెరటాల హోరు అద్దాలు ఎత్తినా లోపలికి వస్తూనే ఉంది. అరగంట పోయింది, టీ తాగి తొట్లకొండ ఎక్కే దారిలోకి వెళ్ళి కొండ అడ్డంగా ఉన్నచోట ఆపాం. ఏసీ, ఇంజను కూడా ఆపేశాం.

ముందు ఈక్వలైజర్ ముట్టుకోకుండా క్రాస్‌ఓవర్లు, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఏ స్పీకరుకి వెళ్ళాలో పంచే హద్దులు, పట్టుకున్నాం, చాలామంది దీన్ని ఉల్టా చేస్తారు. ఏ స్పీకరుకి ఏ పని అప్పజెప్పాలో తేల్చకుండా ఈక్వలైజర్ తిప్పితే ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతుంది. సబ్‌వూఫరుకి 80 హెర్ట్జ్ కింద, డోర్లకి 80 పైన, రెండు వైపులా ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ వాలు, అంటే హద్దు దాటితే శబ్దం గబగబా పడిపోతుంది. ట్వీటర్లు 3500 దగ్గర మొదలు. షాపులో డోర్లకి ఏ హద్దూ పెట్టలేదు, చిన్న స్పీకరు చేత సబ్‌వూఫరు పని కూడా చేయించి పాపం దాన్ని గజగజలాడించారు. తర్వాత సబ్‌వూఫరు ఫేజ్ ఒకసారి 180 డిగ్రీలకి తిప్పి, అంటే అది ముందుకీ వెనక్కీ కదిలే వరస తిరగేసి విన్నాం. మృదంగం తొప్పి (బాస్ పలికే పక్క) దెబ్బ అప్పటిదాకా డిక్కీలోంచి వచ్చేది, తిప్పగానే ముందుకి వచ్చి బలంగా తగిలింది. వాల్యూము అంగుళం కూడా కదపలేదు, అంతకుముందు ఆ హద్దు దగ్గర డోర్లూ సబ్‌వూఫరూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయి అంతే.

ఇక టేపు. మన దగ్గర డ్రైవరు కుడిపక్క కూర్చుంటాడు కాబట్టి కుడి ట్వీటరు నా చెవికి 92 సెంటీమీటర్లు, ఎడమది 134, డిక్కీలో సబ్‌వూఫరు 190. శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34.3 సెంటీమీటర్లు పోతుంది, అన్నీ ఒకేసారి చెవికి చేరాలంటే దగ్గరదాన్ని ఆపి పంపాలి. దూరంగా ఉన్న సబ్‌వూఫరుకి సున్నా, ఎడమకి 1.63 మిల్లీసెకన్లు, కుడికి 2.86. డోర్లకీ అదే లెక్క. పరీక్షకి నాయుడుగారి రికార్డింగే పెట్టాను, పాతది కాబట్టి మోనో, రెండు పక్కలా ఒకటే శబ్దం, అంటే వయొలిన్ సరిగ్గా మధ్యలోంచి ఒక్క చోటునుంచే రావాలి. వచ్చింది! అప్పటిదాకా నా మోకాలి పక్క డోర్లో ఇరుక్కున్న వయొలిన్ డాష్‌బోర్డు మీదకి ఎక్కి కూర్చుంది, ఆ క్షణం ఒళ్ళు జల్లుమంది, నిజంగా.

ఈక్వలైజర్ ఆఖరికి. మైకుని నా తల ఉండే చోట మెల్లగా తిప్పుతూ సగటు తీశాం, ఒక్క చోట పెట్టి కొలిస్తే ఆ ఒక్క చోటికే నిజం. చిన్న కారులో బాస్‌ని క్యాబినే పెంచేస్తుంది, దాని మీద షాపతను మళ్ళీ పెంచాడు, అదే ఆ కుండ శబ్దం. 50 దగ్గరా 200 దగ్గరా దించాం, రేకు గీకుడు 3150 దగ్గర దొరికింది, కుడి ట్వీటరుకి అద్దం ఆనుకునే ఉంది కదా, ఆ పక్కే 4 డెసిబెల్స్ తీశాం. ఎక్కడా పెంచలేదు. 6 డెసిబెల్స్ పెంచితే యాంప్లిఫయరు నాలుగు రెట్లు పవర్ ఇవ్వాలి, అందుకే గుంటలు పూడ్చడం కన్నా మిట్టలు చెక్కడం మేలు. గీత నున్నగా సమానంగా రావాలని కూడా పట్టుబట్టలేదు, బాస్ కాస్త ఎత్తుగా ఉండి పైకి పోయేకొద్దీ మెల్లగా వాలితే చెవికి హాయి.

మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు దాటి 60 స్పీడులో వెళ్తుంటే బాస్ మాయం, టైర్ల రొద మింగేసింది. సబ్‌వూఫరు 3 డెసిబెల్స్ పెంచి రోడ్డు కోసం ఆ సెట్టింగులన్నీ వేరే ప్రీసెట్‌గా దాచాను.

అత్తయ్య ఇంట్లో భోజనం చేసి సాయంత్రం తిరుగు ప్రయాణం. నాన్న ముందు ఎడమ సీట్లో, బావ వెనక. వయొలిన్ పెట్టాను. నాన్న కాసేపు విని "రేకు పోయింది, కానీ నా డోర్లోంచే వస్తోందిరా" అన్నారు. నేను అన్నీ నా సీటుకే కదా కొలిచింది, ఆయనకి దగ్గరున్న ఎడమ ముందే చేరిపోతోంది. వెనకనుంచి బావ "మావయ్యా, ఒక్క నిమిషం" అని ల్యాప్‌టాప్ తీశాడు. నేను పక్కకి ఆపాను, ఎడమ కుడి డిలేలు అటూ ఇటూ మార్చి, లెవెళ్ళూ ఈక్వలైజరూ కూడా అలాగే తిప్పి ఇంకో ప్రీసెట్ చేశాడు. నాకు వయొలిన్ కుడి డోర్లోకి జారిపోయింది. నాన్న ఏమీ అనలేదు, సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు, తొడ మీద తాళం మాత్రం నడుస్తోంది. గాజువాక దాకా ఆ ప్రీసెట్ మార్చలేదు.