ఝాలా నుంచి గోముఖ్ దాకా: పాత మంచు నడిచిన దారి

ఉత్తరకాశి నుంచి గంగోత్రికి దాదాపు 100 కి.మీ. రోడ్డు. మనవాళ్ళు చాలామంది రిషికేశ్‌లో తెల్లవారకముందే బయల్దేరి, ఈ దారంతా నిద్రలో గడిపేస్తారు. అలా చేయకండి. ఉత్తరకాశిలో ఒక రాత్రి ఆగి, పొద్దున్నే బయల్దేరి, గంగ్‌నానీ దాటాక మాత్రం కళ్ళు తెరుచుకుని కూర్చోండి. గంగోత్రికి పైన, భాగీరథి నది పుట్టే గోముఖ్ దగ్గర మీరు చూడబోయేది మిగిలిన మంచు. ఆ మంచు ఒకప్పుడు ఎంతదూరం దిగి వచ్చిందో చెప్పే ఆనవాళ్ళు ఈ రోడ్డు పక్కనే మొదలవుతాయి.

గంగ్‌నానీ దాకా భాగీరథి లోయ ఇరుకు. రెండు వైపులా కొండలు నేరుగా నీటిలోకి దిగుతాయి, అడుగున చదును జాగా ఉండదు. నది ఒక్కటే కోసిన లోయ ఇలాగే ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. తర్వాత రోడ్డు మెలికలు తిరుగుతూ సుక్కీ ఊరి మీదికెక్కి, అటువైపు ఝాలాకు దిగుతుంది. దిగగానే లోయ ఒక్కసారి విచ్చుకుంటుంది. అడుగు బల్లపరుపు, నది పాయలు పాయలుగా చీలి గులకరాళ్ళ మధ్య పారుతుంది, పక్క గోడలు నిటారు. ఇది 'యు' ఆకారం. నీరు అడుగును మాత్రమే కోస్తుంది. మంచు అడుగునూ పక్కలనూ కలిపి గీకుతుంది. అందుకే ఈ తేడా. ఇప్పుడు అడుగు ఇంత చదునుగా కనబడటానికి కారణం మాత్రం మంచు ఒక్కటే కాదు, ఆ తర్వాత నది తెచ్చి నింపిన ఇసుక, గులక కూడా.

ఇప్పుడు గోముఖ్ దగ్గర ముగిసే గంగోత్రి హిమానీనదం, అంటే లోయలో నెమ్మదిగా కిందికి జారే మంచు, ఒకప్పుడు ఈ ఝాలా దాకా వచ్చింది. అంటే ఇప్పటి గోముఖ్ నుంచి లోయ వెంట 41 కి.మీ. కిందికి. భూవిజ్ఞానులు ఆ కాలానికి భాగీరథి హిమ దశ అని పేరు పెట్టారు. మట్టిలోని ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో కొలిచే పద్ధతిలో దాని వయసు సుమారు 63,000 ఏళ్ళుగా తేలింది.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. బడిలో మనం చదువుకున్న ఆఖరి హిమయుగం తారస్థాయికి చేరింది దాదాపు 21,000 ఏళ్ళ కిందట. అప్పుడు ఉత్తర అమెరికాలో ఉత్తర భాగం, ఉత్తర ఐరోపా మంచు పలకల కింద ఉన్నాయి. సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కింద ఉండేది, మన ఆంధ్ర తీరరేఖ కూడా ఇప్పుడున్న చోటికి బాగా తూర్పున ఉండేది. మరి అంత చలి వేళ గంగోత్రి మంచు ఝాలా దాకా ఎందుకు రాలేదు? హిమానీనదం పెరగడానికి చలి ఒక్కటే చాలదు, పడే మంచు కావాలి. హిమాలయంలో ఈ వైపుకు ఆ తేమ ఎక్కువగా రుతుపవనాలతో వస్తుంది. 21,000 ఏళ్ళ కిందట రుతుపవనాలు బలహీనంగా ఉన్నాయి. చలి ఉంది, సరుకు లేదు. అంతకుముందు తేమ బాగా అందిన కాలంలోనే ఇక్కడి మంచు ఎక్కువ దూరం దిగింది. హిమయుగం అనగానే భూమంతా ఒకేసారి గడ్డకట్టి, ఒకేసారి కరిగిందనుకునేవాళ్ళకు ఈ లోయ మంచి సమాధానం. హిమయుగాల రాకపోకలను నడిపేది భూమి కదలికల లయ: భూకక్ష్య ఆకారం దాదాపు 1,00,000 ఏళ్ళకు, అక్షం వంపు 41,000 ఏళ్ళకు, అక్షం తిరిగే దిశ సుమారు 23,000 ఏళ్ళకు ఒక చుట్టు మారుతూ వస్తాయి. ఆ లయ భూమి మొత్తానికి ఒకటే అయినా, దానికి ఒక్కో పర్వతశ్రేణి ఒక్కోలా స్పందిస్తుంది.

హర్సిల్ దాటాక ధరాలీ. ఇక్కడ పక్కకొండ నుంచి ఖీర్ గాడ్ అనే వాగు దిగుతుంది. ఊరు ఉన్నది ఆ వాగు పూర్వం తెచ్చి విసనకర్ర ఆకారంలో పరిచిన మట్టి, రాళ్ళ మీదే. 2025 ఆగస్టు 5న అదే వాగు మళ్ళీ రాళ్ళూ బురదా మోసుకొచ్చి ఊరిలో పెద్దభాగాన్ని పూడ్చేసింది. ఇలాంటి లోయల్లో ఇల్లు కట్టుకునేంత చదును జాగా ఈ విసనకర్రల మీదే దొరుకుతుంది, ప్రమాదమూ వాటి మీదే ఉంటుంది. పక్కలోయల్లో పాత హిమానీనదాలు వదిలిన వదులు రాళ్ళు పుష్కలంగా ఉన్నాయి. వాటిని కదిలించడానికి గట్టివాన ఒక్కటి చాలు. హోటల్ గది చూసుకునేటప్పుడు వాగు నోటికి ఎదురుగా ఉందా లేదా అన్నది, కిటికీలోంచి మంచు శిఖరం కనిపిస్తుందా అన్నదానికన్నా ముందు చూడాలి.

గంగోత్రి ఎత్తు సుమారు 3,100 మీటర్లు. ఇక్కడ కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు పడుకోవాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానం, అక్కడినుంచి కారు, మూడోరోజే గోముఖ్ అని వేసుకునే ప్రణాళికలు ఎక్కువగా గోముఖ్ దారిలోని బస భోజ్‌బాసాలో తలనొప్పి, వాంతులతో ఆగిపోతాయి. 4,000 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే అటూఇటూగా 60 శాతమే. తలనొప్పితోపాటు నడక తడబడినా, పడుకున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, వెంటనే కిందికి దిగాలి. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకునేవాళ్ళు ముందే డాక్టరును అడగాలి. సల్ఫా మందులు పడనివాళ్ళకు అది ప్రమాదం కావచ్చు.

గోముఖ్ గంగోత్రి జాతీయ పార్కులో ఉంది. రోజుకు 150 మందినే వదులుతారు, అటవీశాఖ పర్మిట్ తప్పనిసరి. చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ వేరు, ఇది వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకుని వచ్చి వెనుదిరిగేవాళ్ళు ఉంటారు. ఆధార్ నకళ్ళు రెండు మూడు దగ్గర ఉంచుకోండి. గంగోత్రి దాటాక కొద్దిదూరంలో కనఖూ చెక్‌పోస్టు దగ్గర సంచులు విప్పించి ప్లాస్టిక్ సరుకు లెక్కరాస్తారు, తిరిగొచ్చేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి. నడవడానికి మే నెల రెండో సగం, జూన్, మళ్ళీ సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మంచి కాలం. జులై, ఆగస్టుల్లో వెళ్ళొద్దు.

దారి గుడి వెనకనుంచి మొదలై నదికి కుడి గట్టున పైకి సాగుతుంది. చీర్‌బాసా 9 కి.మీ., భోజ్‌బాసా 14, గోముఖ్ 18. ఎక్కుడు నెమ్మదిగానే ఉంటుంది. నీటి రంగు గమనించండి: బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, కాస్త బూడిదరంగుతో ఉంటుంది. మంచు అడుగున ఇరుక్కున్న రాళ్ళు కిందిరాతిని నూరగా వచ్చిన పిండి అది. రేణువులు ఎంత సన్నమంటే పాత్రలో పోసిపెట్టినా త్వరగా తేరుకోవు. ఫిల్టర్ సీసాలు దీంతో తొందరగా మూసుకుపోతాయి. కాబట్టి నదినీళ్ళు కాకుండా పక్కనుంచి దిగే తేట ఊటల నీళ్ళు పట్టుకుని శుద్ధి చేసుకోవడం మేలు. రోజుకు మనిషికి మూడు, నాలుగు లీటర్లు తాగాలి.

ఈ నడకలో మా పని ఎక్కువగా రాళ్ళ గుట్టల దగ్గర ఆగడమే. దారిపక్క గుట్టలు మూడు రకాలు, దూరంనుంచి మూడూ ఒకటిగానే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి కోసుకుపోయిన పక్క చూడాలి. రాళ్ళు గుండ్రంగా, ఒక పొరలో ఒక పరిమాణంవి, ఇసుక వేరుగా, గులక వేరుగా ఉంటే అది నది పని. రాళ్ళు కోసుగా, పిండిలాంటి మట్టి దాదాపు లేకుండా, పెద్దవి అడుగుకు దొర్లి చిన్నవి పైన ఉంటే అది కొండచరియ రాలిన కుప్ప. ఇల్లంత బండ, పిడికెడు రాయి, ఇసుక, పిండి అన్నీ వరుస లేకుండా ఒకే ముద్దగా కలిసి ఉంటే అది మంచు వదిలినది, అంటే మొరైన్. నీరు బరువునుబట్టి సరుకును ఏరి వదులుతుంది. మంచుకు ఆ ఎంపిక లేదు, ఎత్తుకున్నదంతా కరిగినచోట దించేస్తుంది. అయితే జాగ్రత్త: వానకు జారిన బురదప్రవాహం కూడా ఇలాంటి ముద్దనే వదులుతుంది. అప్పుడు ఆకారం చూడాలి. లోయ పక్కగోడకు సమాంతరంగా, పైన కత్తిఅంచులా మైళ్ళకొద్దీ సాగే గట్టయితే అది పక్క మొరైన్. వాగు నోటిదగ్గర విసనకర్రలా పరుచుకుంటే బురద తెచ్చినది.

రాతిమీద గీతల విషయంలోనూ ఇలాగే పొరబడతారు. పైనుంచి దొర్లిన రాయి కూడా గీత గీస్తుంది, కానీ అది ఒంటరిగా, తెల్లగా, ఏ దిక్కుకైనా ఉంటుంది. మంచు గీసిన గీతలు గుంపుగా, ఒకదానికొకటి సమాంతరంగా, లోయ సాగే దిక్కుకే ఉంటాయి. చుట్టూ రాతికి నునుపు ఉంటుంది. చేత్తో రాస్తే ఎగువవైపు మెత్తగా, దిగువవైపు పెళ్ళలు ఊడి గరుకుగా తగిలే బండలు కూడా మంచు పనే. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో గీతలు కనబడవు. ఉదయం గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుతురులో చూడాలి.

చీర్‌బాసా, భోజ్‌బాసాల మధ్య గీలా పహాడ్ అనే వాలు ఉంది. పైనంతా వదులు మొరైన్. రాత్రి గడ్డకట్టిన నీరు రాళ్ళను పట్టి ఉంచుతుంది, ఎండెక్కాక వదిలేస్తుంది. పైన మేసే భరల్ గొర్రెల కాళ్ళకింద నుంచి కూడా రాళ్ళు దొర్లుతాయి. ఇక్కడ ఫొటోలకు ఆగకూడదు. మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉంచి, పైకి ఒక కన్ను వేసి, ఉదయం పది గంటలలోపు దాటేయాలి. హెల్మెట్ ఉన్నవాళ్ళు పెట్టుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

భోజ్‌బాసా సుమారు 3,800 మీటర్లు. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ బస, లాల్ బాబా ఆశ్రమం, గుడారాలు. ఎదురుగా భాగీరథి శిఖరాలు మూడు. మూడోదాని పైభాగం చూడండి: కింద లేతరంగు గ్రానైట్, శిఖరం దగ్గర నల్లటి మెత్తరాయి. ఆ రెండు రంగుల రాళ్ళూ కింద మొరైన్‌లో కలగలిసి కనిపిస్తాయి.

బసపక్క మొరైన్ మట్టి చేతిలోకి తీసుకోండి. ఇదే ముద్ద మీద మరిన్ని పొరలు పడి నొక్కి రాయిగా మారితే ఎలా ఉంటుందో తెలుగువాళ్ళు ఇంటిదగ్గరే చూడొచ్చు. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరల కింద తాల్చేర్ పొరలున్నాయి. వాటి అడుగున బండరాళ్ళు కలిసిన ముద్ద, దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట మన నేల దక్షిణార్ధగోళంలో గోండ్వానా అనే పాత మహాఖండంలో భాగంగా ఉన్నప్పటి మంచు వదిలినది. ఒడిశాలోని తాల్చేర్‌లో ఈ బండల పొరను చూసి, ఇది మంచు తెచ్చినదని భూవిజ్ఞానులు బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ 1856లో అన్నారు. ఉష్ణమండలంలో హిమానీనదమా అని నమ్మనివాళ్ళు చాలామందే. తర్వాత చంద్రపూర్ ప్రాంతంలో ఇరై దగ్గర, ఆ పొరకింది సున్నపురాతి మీద సమాంతర గీతలు బయటపడ్డాయి. చీర్‌బాసా దారిలో చూసిన గీతలకూ వాటికీ వయసులో తప్ప పనితనంలో తేడా లేదు.

భోజ్‌బాసా నుంచి గోముఖ్‌కు చివరి 4 కి.మీ. ఉదయం ఆరుకల్లా మొదలుపెట్టాలి. భోజ్‌బాసా దగ్గరి మొరైన్ రెండు మూడు వందల ఏళ్ళ కిందటిదని లెక్క, కాబట్టి ఇక్కడినుంచి మీరు నడిచే నేల ఈమధ్య దాకా మంచుకింద ఉన్నదే. చెట్టు లేదు, బండలు స్థిరపడలేదు, దారి ఏటేటా మారుతుంది. 1935లో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన ఆడెన్ ఈ హిమానీనదం మూతిని, అంటే కింది చివరను, పటంలోకెక్కించాడు. అక్కడినుంచి 1996 దాకా అది సుమారు 1,147 మీటర్లు వెనక్కి వెళ్ళింది, సగటున ఏడాదికి 19 మీటర్లు.

ఈ సగటును పట్టుకుని ఇన్నేళ్ళలో గంగోత్రి మంచు అయిపోతుందని భాగహారం చేసేవాళ్ళున్నారు. అది తప్పు లెక్క. హిమానీనదం పొడవు దాదాపు 30 కి.మీ., కింది భాగమంతా రాళ్ళతో కప్పబడి ఉంటుంది. ఒకటి రెండు సెంటీమీటర్ల పలుచటి మట్టిపొర ఎండను పీల్చి కరగడాన్ని పెంచుతుంది. అంతకన్నా మందమైతే దుప్పటైపోయి తగ్గిస్తుంది. కాబట్టి మూతి దాదాపు ఉన్నచోటే ఉంటూ, పైన మంచు మందం తగ్గిపోతూ ఉండవచ్చు. ఆ నష్టం కళ్ళకు కట్టాలంటే మూతిని కాదు, పక్క మొరైన్ అంచును చూడాలి: అంచు పైన, ఇప్పటి మంచు బాగా కింద. మధ్యనున్న ఖాళీ అంతా పోయిన మంచు. ఇంకో ఆనవాలు పక్కలోయల హిమానీనదాలు. చతురంగి, మేరు ఒకప్పుడు ప్రధాన హిమానీనదంలో కలిసేవి, ఇప్పుడు విడిపోయాయి.

మూతి నీలంగా మెరిసే గుహ అనుకుని వచ్చేవాళ్ళకు నిరాశే. బూడిదరంగు మంచుగోడ, మీద మట్టి, రాళ్ళు, కింద ఉరుకుతున్న నీరు. 2017 జులైలో మేరు వైపునుంచి వచ్చిన రాళ్ళబురద మూతి ముందు ప్రవాహాన్నే మళ్ళించింది, పాత ఫొటోలతో పోలిక కుదరదు. గోడకింద నిలబడటం, అక్కడ నీళ్ళు పట్టుకోవడం ప్రాణాంతకం. పైన ఇరుక్కున్న బండలు ఎండకు మంచు పట్టు సడలి హెచ్చరిక లేకుండా పడతాయి, మంచు పెళ్ళలు కూలితే నీటి అల లేస్తుంది. అటవీశాఖ పెట్టిన హద్దు దాటకుండా గట్టుమీదినుంచే చూడండి. గంగాజలం ఇంకా కింద పట్టుకున్నా అదే నీరు.

గోముఖ్‌కు పైనున్న తపోవనం, 4,460 మీటర్లు, వేరే సంగతి. పూర్వం మూతి పైనుంచి హిమానీనదాన్ని అడ్డంగా దాటి వెళ్ళేవారు. ఇప్పుడు ఎక్కువగా భోజ్‌బాసా దగ్గర తాడు లాగే ట్రాలీలో నది దాటి, ఎడమగట్టు బండల మీదుగా వెళ్ళి, ఆకాశగంగ వాగు పక్క నిట్టనిలువు మొరైన్ ఎక్కుతారు. గైడు లేకుండా వెళ్ళకూడదు, అనుమతి కూడా వేరు. పైకెక్కితే శివలింగ్ శిఖరం, 6,543 మీటర్లు, నాలుగువైపులా మంచు తొలిచిన గిన్నెలమధ్య మిగిలిన కొమ్ములా నిలబడి ఉంటుంది. కింద రాళ్ళు కప్పిన మంచు, మధ్యమధ్య చిన్న చెరువులు. ఆ చెరువుల అంచుకు దిగొద్దు. గట్టు అనుకున్నది మట్టి పూసిన మంచే, నీళ్ళవైపు లోపలికి కోసుకుపోయి ఉంటుంది.

తిరుగుదల్లో ట్రాలీ దగ్గర వరుస ఉంటుంది, మధ్యాహ్నానికి వాగుల్లో నీరు పెరుగుతుంది. ఉదయం పదిన్నరకల్లా తపోవనం వదిలితే వెలుతురు ఉండగానే భోజ్‌బాసా చేరవచ్చు.