పిల్లిపెసర ఎండుమేత: నా అనుభవం

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, తెనాలి వైపు మా మాగాణిలో కోసి పనల మీద ఉన్న వరి రోజుల తరబడి నీళ్లలో నానింది. ధాన్యం కొంత దక్కింది గాని గడ్డి నల్లబడి బూజు పట్టింది. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక, చెవులు, కాళ్ల చివరలు కుళ్లే డెగ్నాలా వ్యాధి వచ్చే ప్రమాదం ఉన్నందున దాన్ని పశువులకు వేయడానికి మనసొప్పలేదు. ఆ వేసవంతా నాలుగు గేదెలకు గడ్డి కొని మేపాము.

మా నాన్నగారి రోజుల్లో వరి కోతల ముందు పిల్లిపెసర (పశువుల మేతకు పెంచే పప్పుజాతి తీగ పైరు) చల్లడం మామూలు విషయం. తరువాత ఆ మడులన్నీ మినుముకు వెళ్లిపోయాయి. 2024 డిసెంబరులో నేను అర ఎకరంలో మినుము మాని, వరి కోతకు రెండు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే ఆరు కిలోల పిల్లిపెసర విత్తనం చల్లాను. బంగారు తీగ అనే కలుపు విత్తనం కలిసి ఉంటే చేను మొత్తాన్ని అల్లుకుని పీల్చేస్తుంది కనుక, ముందుగా సన్నటి జల్లెడతో రెండుసార్లు జల్లించాను. యంత్రం తిరిగితే మొలకలు నలుగుతాయని ఆ మడి వరకు కూలీలతోనే కోయించాను.

మొదటి నెల చేను చూస్తే నిరాశ కలిగింది. తరువాత తీగలు సాగి నేల కనిపించకుండా కమ్మేశాయి. ఫిబ్రవరి చివర పూత మొదలవగానే కోత పెట్టాను. కాయ ముదిరే దాకా ఆగితే కాడ గట్టిపడి పశువు వదిలేస్తుంది.

అసలు కష్టం ఆరబెట్టడంలోనే ఉన్నది. మొదటి విడత మూడు రోజులు ఎండనిచ్చి మిట్టమధ్యాహ్నం మోపులు కట్టాము. ఇంటికి చేరేసరికి చేతిలో కాడలు మిగిలాయి, ఆకు అంతా మడిలోనే రాలిపోయింది. పప్పుజాతి మేతలో మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులోనే కాబట్టి, ఆ రోజు నేను మోసుకొచ్చింది మేతలో నాసి భాగం. రెండో విడతకు పద్ధతి మార్చాను. కోసినది ఒక పూట మడిలో వాడనిచ్చి, చిన్న చిన్న కుప్పలుగా వేసి, తెల్లవారిన తరువాత మంచు తడికి ఆకు మెత్తగా ఉన్నప్పుడే తిరగేశాము. మోపులు కూడా ఎండ ముదరక ముందే కట్టాము. కాడను గోటితో గీరితే తోలు ఊడి వస్తే ఇంకా తడి ఉన్నట్టు, ఊడకపోతే వామి వేయవచ్చు. అయినా నమ్మకం చాలక, ఒక వరస కొత్త వరిగడ్డి, ఒక వరస పిల్లిపెసర చొప్పున పేర్చాను. మిగిలిన చెమ్మను వరిగడ్డి పీల్చుకుంటుంది, పిల్లిపెసర వాసన పట్టిన ఆ గడ్డిని గేదెలు ఇష్టంగా తింటాయి. వారం రోజులు ప్రతి సాయంత్రం వామిలోకి చేయి పెట్టి వేడెక్కిందేమోనని చూశాను.

పచ్చిమేతలో నూటికి ఎనభై వంతులు నీరే కనుక, వంద కిలోలు కోస్తే ఎండుమేత ఇరవై మూడు కిలోలకు మించి రాదు. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే ఎకరం మొత్తం చల్లేవాణ్ణి. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. కోత మొదలైన రోజు పచ్చి పిల్లిపెసర ఆకలితో ఉన్న గేదె ముందు గంపెడు పోస్తే గంటలోనే కడుపు ఉబ్బి మమ్మల్ని భయపెట్టింది. పశువైద్యుడు వచ్చి మందు పోసిన తరువాతే తేరుకుంది. ఎండుమేతతో మాకు ఆ ఇబ్బంది రాలేదు. పూటకు కిలోన్నర చొప్పున వరిగడ్డిలో కలిపి వేసి, పాలిచ్చే గేదెకు దాణా అర కిలో తగ్గించినా పాలు తగ్గలేదు.

విత్తనం కోసం నాలుగు సెంట్లు కోయకుండా ఉంచాము. కాయ బాగా ఎండితే చిట్లి గింజ రాలిపోతుంది కాబట్టి, నల్లబడిన కాయలను మా ఆవిడ, నేను రోజు విడిచి రోజు పొద్దున్నే వెళ్లి ఏరుకొచ్చాము.